మానడం, మాన్పించడం

తెలుగులో ‘మాను’ అనే క్రియ రెండు పనులు చేస్తుంది. గాయం మానుతుంది. మనిషి తాగుడు మానుతాడు. ఒకచోట నయం కావడం, మరోచోట వదిలిపెట్టడం. ఈ రెండింటి పక్కనే మూడో రూపం ఒకటుంది - మాన్పించడం. మొదటి రెండింటికీ కర్త ఎవరైనా కావచ్చు. మూడోదానికి మాత్రం మన ఇళ్ళల్లో కర్త దాదాపు ఎప్పుడూ స్త్రీయే. మానాల్సింది అతను, మాన్పించాల్సింది ఆమె. అతను మానకపోతే ‘ఆమె మాన్పించలేకపోయింది’ అంటారు. అతను మానితే మాత్రం ‘మగాడు, పట్టుదల ఉన్నవాడు’ అంటారు.

ఒక మనిషి వ్యసనం నుంచి కోలుకోవడంలో ఆ ఇంటి స్త్రీ బాధ్యత ఎంత? అది ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోవాలి? సారా వ్యతిరేక ఉద్యమం మీద మనం చాలా రాసుకున్నాం. దుకాణం మూయించడం గురించి మాట్లాడుకున్నంతగా, దుకాణం మూసినా తెరిచినా ఒంట్లో తాగుడు మిగిలిపోయిన మనిషి గురించి, అతన్ని పట్టుకుని తిరిగే ఆడమనిషి గురించి మాట్లాడుకోలేదు.

ఈ ప్రశ్న నా దగ్గరికి పుంగనూరు నుంచి ఒక ఫోనుగా వచ్చింది. చేసింది మా పెద్దమ్మ కూతురు. మిషను కుడుతుంది, పొదుపు సంఘంలో పాత సభ్యురాలు. బావ టమోటా మండీలో లెక్కలు రాస్తాడు. “మాకు సంగం మీటింగు ఉండాది కదా పాపా, మీ బావ మాదిరి వాళ్ళకి గూడా ఒక మీటింగు ఉంటాదంట. తాగేటోళ్ళంతా కూసోని మాట్లాడుకుంటారంట. యాడ జరగతాదో కనుక్కో. నువ్వు చదువుకున్నదానివి” అంది. ఆమె అడిగింది ఒక చిరునామా.

సారా దుకాణం చిరునామా ఎవరూ ఎవర్నీ అడగరు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళినప్పుడు లాటరీ తీసి కేటాయించిన దుకాణాలు 3,396. వాటిలో ప్రతి ఒక్కదానికీ లైసెన్సు ఉంది, నంబరు ఉంది, గడువుంది, బోర్డుంది. 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతుందన్నది అప్పటి విధానంలో ఒక వాగ్దానం. తాగడానికి దారి చూపించే బాధ్యత ప్రభుత్వం తీసుకుంది. మానడానికి దారి వెతికే బాధ్యత పుంగనూరులో మిషను కుట్టుకునే ఒకామె మీద పడింది.

సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైన వాళ్ళలో ఏదో ఒక రకమైన సాయం అందుకున్నామని చెప్పినవాళ్ళు 38 మందిలో ఒక్కరు. మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? ఇంట్లో ఉన్నారు. అంటే ఎవరో ఒక స్త్రీ సంరక్షణలో ఉన్నారు. ఆ పనికి జీతం లేదు, పేరూ లేదు, సెలవు అసలే లేదు. వంట, పిల్లల చదువు, ముసలివాళ్ళ మందులు అన్నీ ఇంటి చాకిరీ అని మనం గుర్తించాం. ‘వెతకడం’ కూడా ఆ చాకిరీలో భాగమేనని చెప్పుకోవాలి. మంచి డాక్టరు ఎవరు, ఏ చెట్టు పసరు పనిచేస్తుంది, ఏ గుడిలో ప్రమాణం నిలబడుతుంది, ఏ సెంటరులో కొట్టకుండా చూస్తారు - ఈ జ్ఞానమంతా ఆడవాళ్ళే పోగేస్తారు, ఆడవాళ్ళే ఒకరికొకరు చేరవేసుకుంటారు.

అక్క అడిగిన మీటింగు పుట్టింది అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో. 1935లో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడు వదల్లేక వదల్లేక వదిలినవాళ్ళే. తాగినవాడి మాట తాగినవాడే నమ్ముతాడన్నది వాళ్ళు కనిపెట్టిన సంగతి. 1939లో పుస్తకం వచ్చింది. దాని పేరే సంస్థ పేరయింది - ఆల్కహాలిక్స్ అనానిమస్. ఫీజు లేదు, డాక్టరు ఉండడు, గురువు ఉండడు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. ఇంటిపేరు, కులం, ఉద్యోగం ఎవరూ చెప్పనక్కర్లేదు. చందా బయటివాళ్ళ దగ్గర తీసుకోరు. గురువూ పీఠమూ లేకుండా మనుషులు మారగలరా అని అనుమానపడే మనకి, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తనని జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంస్థని 1929లో తనే రద్దు చేశాడన్న సంగతి గుర్తుకు రావాలి. ఈ నేలకి ఆ ఆలోచన పరాయిదేం కాదు.

ఇలాంటి గదుల వల్ల ఉపయోగం ఉందా అన్నది నమ్మకానికి వదిలెయ్యాల్సిన విషయం కాదు. 2020లో కాక్రేన్ సంస్థ 27 పరిశోధనల్ని, 10,565 మంది వివరాల్ని కలిపి పరిశీలించింది. పూర్తిగా తాగకుండా ఉండే విషయంలో ఈ పన్నెండు మెట్ల పద్ధతివైపు క్రమపద్ధతిలో నడిపించే చికిత్సలు, మిగతా పేరున్న చికిత్సలకి దీటుగానూ కొన్నిచోట్ల మెరుగ్గానూ ఉన్నాయని తేల్చింది. అయితే మీటింగు వైద్యానికి బదులు కాదు. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళు వణుకుతుంది, నిద్ర పట్టదు, మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనిపించవచ్చు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. ‘గదిలో పెట్టి తాళం వేస్తే వారానికి దారికొస్తాడు’ అనే సలహా ఎంత ప్రమాదమో ఆ సలహా ఇచ్చే పెద్దలకి తెలియదు. ముందు డాక్టరు, తర్వాత మీటింగు.

మరి ఇంత ఉపయోగపడేది వెతికితే తప్ప ఎందుకు కనబడదు? దానికి కారణం వాళ్ళ నియమాల్లోనే ఉంది. ప్రచారం చేసుకోకూడదు, మమ్మల్ని చూసి ఆకర్షితులై రావాలి అన్నది వాళ్ళ పన్నెండు సంప్రదాయాల్లో పదకొండోది. ఒక ఫోను నంబరు, ఒక పొట్టి పేరు, వారం, సమయం - దొరికేది అంతే. చర్చి వెనక గదిలోనో, బడి వదిలాక తరగతి గదిలోనో కూర్చుంటారు. గది మారవచ్చు, వారం మారవచ్చు, అందుకని బయల్దేరే ముందు ఫోను చేసి కనుక్కోవాలి. బెంగుళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఇలాంటి మీటింగులు చాలా జరుగుతాయి. కుప్పంలో రైలెక్కితే బెంగుళూరు పెద్ద దూరం కాదు. కానీ వారానికోసారి రైలు ఖర్చు, కూలి పోగొట్టుకోవడం, అక్కడ ఏ భాషలో మాట్లాడతారో తెలియకపోవడం - ఇవన్నీ దూరంలోకే వస్తాయి. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో మనిషి బజారులో తమిళం మాట్లాడతాడు, ఆఫీసులో తెలుగు మాట్లాడతాడు, బెంగుళూరు పనిలో కన్నడం మాట్లాడతాడు. సిగ్గు మాత్రం ఇంటిభాషలోనే చెప్పుకోగలడు.

నాకు దొరికిన చిరునామా ఏ ఊరిదో ఇక్కడ రాయను. అక్కడికి వచ్చేవాళ్ళు ఒకరి మీద ఒకరు పెట్టుకున్న నమ్మకం అది. వ్యాసం కోసం దాన్ని వాడుకునే హక్కు నాకు లేదు.

మనవాళ్ళకి ఇలాంటి పద్ధతులు లేవని కాదు. చిత్తూరు పక్కన కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి ముందు తాగనని ప్రమాణం చేసే ఆచారం ఎప్పట్నుంచో ఉంది. అబద్ధపు ప్రమాణాన్ని దేవుడు సహించడన్న భయమే అక్కడ మందు. అయ్యప్ప దీక్ష ఇంకొకటి. నలభై ఒక్క రోజులు నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానం, తాగుడు లేదు. మాల వేసుకున్నాక కులం పోతుంది, పేరు పోతుంది, అందరూ ‘స్వామి’ అయిపోతారు. సాయంత్రం పూజకి పదిమంది కూడతారు. పేరు చెప్పక్కర్లేని ఒక గుంపు, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండడం - ఆక్రన్‌లో కనిపెట్టిన దానికి ఇది మరీ దూరం కాదు. చాలా ఇళ్ళల్లో ఆ నలభై ఒక్క రోజులే ఏడాదికి ప్రశాంతమైన రోజులు.

కానీ రెండు తేడాలున్నాయి. ప్రమాణం జన్మంతటికీ చేస్తాడు. ఒక్కసారి తప్పితే మొత్తం తప్పినట్టే, ఆ అపరాధభావంతో మరింత తాగుతాడు. మీటింగులో జన్మ ప్రసక్తి రాదు, ఇవాళ తాగకుండా ఉంటే చాలంటారు. జారిపడ్డవాడు రేపు మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. రెండో తేడా మనకి ముఖ్యమైనది. దీక్షలో ఉన్నది అతనే అయినా తెల్లవారుజామున లేచి మడిగా వండేది ఆమె. ఆ ఇంట్లో బహిష్టు అయితే పక్కింటికి తప్పుకునేది కూడా ఆమె. అతని నిష్ఠని నిలబెట్టే చాకిరీ అంతా ఆమెది, పుణ్యం అతనిది. మాల తీసిన రాత్రి అతను తాగి వస్తే తప్పు ఆమెదే, ఏదో మైల కలిసిందని.

ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఈ చాకిరీ లేదనుకుంటే పొరపాటు. బిల్ విల్సన్ తాగుతూ తిరిగిన రోజుల్లో భార్య లోయిస్ డిపార్ట్‌మెంటు స్టోరులో పనిచేసి ఇల్లు నడిపింది. 1939 నాటి పుస్తకంలో ‘భార్యలకు’ అని ఒక అధ్యాయం ఉంది. అది భార్యల గొంతుతోనే సాగుతుంది, ‘మేము’ అని మాట్లాడుతుంది. రాసింది మాత్రం బిల్. తను రాస్తానని లోయిస్ అనుకుంది, అతను రాయనివ్వలేదు. సాహిత్య విద్యార్థులకి ఇది కొత్త సంగతేం కాదు. ఆడదాని గొంతు అరువు తెచ్చుకుని ఆడదానికి ఓర్పు బోధించిన మగకవులు మనకి కావలసినంతమంది ఉన్నారు. 1951లో లోయిస్, ఆన్ అనే మరో స్త్రీతో కలిసి అల్-అనాన్ స్థాపించింది. అది తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసం. అక్కడ మొట్టమొదట నేర్పే విషయం - ఈ జబ్బుకి కారణం నువ్వు కాదు, దీన్ని అదుపు చెయ్యడం నీ చేతిలో లేదు, నయం చెయ్యడమూ నీ చేతిలో లేదు. ‘మాన్పించడం’ అనే క్రియని నిఘంటువులోంచి కొట్టెయ్యడమే ఇది.

దీన్ని నేను అక్కకి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “అట్లయితే ఇన్నాళ్ళూ నేను చేసిందేంది?” అంది. ఆ ప్రశ్నకి ఓదార్పు సమాధానం చెప్పడం సులభం. ఆమె చేసింది ఇల్లు కాపాడడం. కానీ ఆ పనిని మనం ఇన్నాళ్ళూ ‘భర్తని మార్చుకోవడం’ అనే పేరుతో లెక్కేశాం. ఆ లెక్కలో ఆమెకి ఎప్పుడూ సున్నాయే వచ్చింది.

ఇక్కడో చిక్కు వస్తుంది. తాగుడు జబ్బయితే జబ్బు మనిషిని నిందించగలమా? జబ్బు అనే మాట అవమానాన్ని తగ్గిస్తుంది, వైద్యానికి దారి తెరుస్తుంది. అదే మాట దెబ్బలకి సాకు కూడా అవుతుంది. ‘ఒంటిమీద తెలివి లేదు పాపం’ అంటారు. దీనికి అక్క ఇచ్చిన జవాబు నేను చదివిన ఏ నీతిశాస్త్రంలోనూ లేదు. “తాగినోడికి వొళ్ళు తెలీదంటారు గదా, మరి మండీ ఓనరు మింద ఒక్కనాడన్నా చెయ్యెత్తినాడా? ఆడ తెలుస్తాదే వొళ్ళు!” జబ్బు తాగాలనే తపనకి సమాధానం చెప్తుంది. ఎవర్ని కొట్టొచ్చో ఎవర్ని కొట్టకూడదో తెలిసిన చేతికి సమాధానం పితృస్వామ్యమే చెప్పాలి. రోగిగా అతను వైద్యానికి హక్కుదారు, హింసించిన వ్యక్తిగా 2005 నాటి గృహహింస చట్టం ముందు జవాబుదారీ. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండగలవు. పన్నెండు మెట్లలో కూడా ఎనిమిది, తొమ్మిది మెట్లు తను గాయపరిచిన వాళ్ళ జాబితా రాసుకుని, వీలైన చోట నష్టాన్ని సరిదిద్దమనే చెప్తాయి. అయితే అతను సరిదిద్దడానికి వచ్చినంత మాత్రాన ఆమె క్షమించి తీరాలని లేదు. అతని తొమ్మిదో మెట్టు ఆమె నెత్తిమీద కట్టేది కాకూడదు.

ఇక మనదైన చరిత్ర. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అది అక్షరాస్యత వాచకంలో పాఠమయింది. పాఠం చదివిన ఊళ్ళన్నీ కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గం కుప్పం. ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పానికి వచ్చింది కూడా ఆ సంవత్సరమే.

ఆ స్త్రీలు తాగుడుని జబ్బు అనలేదు, ప్రభుత్వ ఆదాయం అన్నారు. గుంపుగా రోడ్డు మీదికొచ్చి, పేర్లు చెప్పి, వేలంపాటలు ఆపారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడుతుంది. బయటి విషయాల మీద తమకి అభిప్రాయం లేదన్నది వాళ్ళ పదో సంప్రదాయం. 99 రూపాయల క్వార్టరు మీద వాళ్ళు మాట్లాడరు. 2025 అక్టోబరులో మదనపల్లెకి ఎగువన ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడితే దానిమీదా మాట్లాడరు. స్త్రీవాదులుగా మనకి ఈ మౌనం మింగుడుపడదు. వ్యసనాన్ని వ్యక్తి లోపలికి నెట్టేసి, అమ్మేవాణ్ణి వదిలెయ్యడం కాదా ఇది?

నేను ఒకప్పటిలా ఇక్కడ ఒక పక్షం ఎంచుకోవడం లేదు. ఉద్యమం దుకాణాన్ని మూయించగలదు, రాత్రి రెండింటికి చేతులు వణుకుతూ కూర్చున్న మనిషి పక్కన కూర్చోలేదు. మీటింగు ఆ మనిషి పక్కన కూర్చోగలదు, దుకాణాన్ని మూయించలేదు. గమనించాల్సింది మరొకటుంది. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు నుంచే పొదుపు ఉద్యమం మొదలైంది. డ్వాక్రా సంఘాలు ఊరూరా వచ్చాయి. వాటి మంచిచెడ్డలు మనం చాలా చర్చించుకున్నాం. కానీ ఒక్క సంగతి - ఆ ఉద్యమం తర్వాత పల్లెల్లో స్త్రీలకి వారానికో నెలకో కూర్చుని మాట్లాడుకునే ఒక మీటింగు దక్కింది. తాగే మగవాడికి దక్కలేదు. అతనికి పదిమందిలో కూర్చునే చోటు తాగే చోటే. అక్క తన సంఘాన్ని చూసే బావకి కూడా ఒక మీటింగు ఉండాలనుకుంది. మనుషులు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటే ఏదో మారుతుందన్న నమ్మకం ఆమెకి పుస్తకంలోంచి రాలేదు, ముప్పై ఏళ్ళ స్త్రీల అనుభవంలోంచి వచ్చింది.

ఇంతవరకూ తాగేది ‘అతను’ అనే రాశాను. ‘తాగుబోతు భార్య’ అని రాస్తే మీరెవరూ తాగే భార్య అని చదువుకోరు, తాగుబోతుకి భార్య అనే చదువుకుంటారు. తాగే స్త్రీకి భాషలోనే చోటు లేదు. మన సప్తవ్యసనాల జాబితా చూడండి. జూదం, పానం, వేట, కఠినంగా మాట్లాడడం, కఠినంగా దండించడం, ధనం దుబారా చెయ్యడం, వాటితోపాటు స్త్రీ! ఆ జాబితాలో స్త్రీ మద్యం పక్కన ఒక వస్తువు. వ్యసనం ఉండడానికి ముందు మనిషై ఉండాలి కదా.

మన సినిమా కూడా అదే చెప్పింది. 1953 నాటి ‘దేవదాసు’లో తాగి చచ్చిపోయినవాడు ప్రేమకి పర్యాయపదమయ్యాడు. అందులో పార్వతిగా నటించిన సావిత్రి నిజజీవితంలో తాగుడుకి లోనై, ఏడాదిన్నర పైగా కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న చనిపోతే అది పతనగాథ అయింది, ఆడపిల్లలకి హెచ్చరిక అయింది. అతని తాగుడు విషాదం, ఆమె తాగుడు అపరాధం. 2018లో ‘మహానటి’ వచ్చాక ఆమె మీద జాలి పెరిగింది. జాలి కూడా గౌరవం కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 23.3 శాతం, స్త్రీలలో 0.5 శాతం తాగుతారు. తెలంగాణలో స్త్రీలు 6.7 శాతం. అరశాతం అంటే చిన్న అంకె. ఆ అంకెలో ఇంటికొచ్చిన సర్వేయరుకి ‘అవును’ అని చెప్పగలిగిన స్త్రీలు మాత్రమే ఉన్నారు. చిన్న ఊళ్ళో తాగే మగవాడికి అజ్ఞాతం అవసరమే లేదు. అతను బజారులో అందరిముందూ తాగుతాడు, మురుగుకాలవ పక్కన పడుకుంటాడు, మర్నాడు అదే బజారులో పెద్దమనిషిగా తిరుగుతాడు. ‘పేరు చెప్పక్కర్లేదు’ అన్న హామీ నిజంగా కావలసింది అదే ఊళ్ళో తలుపేసుకుని తాగే టీచరుకి, ఒళ్ళునొప్పులకని మొదలుపెట్టి ఆపలేకపోతున్న కూలిమనిషికి. ఆమె ఆ మగవాళ్ళ గదిలోకి ఎలా వెళ్తుంది? మెట్లెక్కుతుంటే చూసినవాడు సాయంత్రానికి ఊరంతా చెప్తాడు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అన్నీ పందెంలోకి వస్తాయి. ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదట్లో ఆడవాళ్ళు రావడాన్ని పెద్దగా ఇష్టపడలేదు. 1939లో వచ్చి నిలబడిన మార్టీ మాన్ లాంటివాళ్ళ వల్ల తలుపు తెరుచుకుంది.

తెరుచుకున్న తలుపు లోపల మొదటి మెట్టు మీదే స్త్రీకి ఇంకో అడ్డం ఉంది. మద్యం ముందు మేం అశక్తులం అని ఒప్పుకోవడమే ఆ మెట్టు. తన శక్తి మీద అహంకారం ఉన్న మగవాడికి ఆ మాట విముక్తి. పుట్టినప్పట్నుంచీ అశక్తురాలివనే విన్న స్త్రీకి అది ఇంకో పాఠం మాత్రమే. జీన్ కర్క్‌పాట్రిక్ అనే ఆమె తను తాగుడులోంచి బయటపడ్డాక 1970లలో స్త్రీల కోసం విడిగా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది ఇందుకే. అక్కడ నిస్సహాయతని ఒప్పుకోవడం కాదు, తన జీవితం తన చేతిలో ఉందని చెప్పుకోవడం మొదలు. నాకు ఈ వాదన చాలావరకు నచ్చుతుంది. కానీ మొదటి మెట్టుని తాగేవాడి భార్య చదివితే అర్థం తలకిందులవుతుంది. ‘అతని తాగుడు ముందు నేను అశక్తురాలిని’ అని ఆమె అనగలిగితే, అది లొంగిపోవడం కాదు, మోసిన మూట దించడం. ఒకే వాక్యం ఒకరికి సంకెళ్ళు, ఒకరికి తాళంచెవి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారు అన్నది వదిలేసి నీతిసూత్రాలు రాయలేం.

అందువల్ల మొదటి ప్రశ్నకి నాకు తోచిన సమాధానం ఇది. చిరునామా అందించడం వరకే ఇంటిమనిషి బాధ్యత. అదీ ఆమెకి ఓపిక, ఇష్టం, భద్రత ఉంటేనే. వెళ్ళడం అతని పని. మానడం అతని పని. తిరిగి తాగితే అది అతని కథలో జరిగిన విషయం, ఆమె వైఫల్యం కాదు. అక్క చిరునామా రాసిన కాగితాన్ని బావ చొక్కా జేబులో పెట్టి, “నా పని అయిపోయింది” అంది. అతను నాలుగు నెలలు వెళ్ళలేదు. తర్వాత వెళ్ళాడు, మానేశాడు, మళ్ళీ వెళ్తున్నాడు. ఆమె ఆ రోజులు లెక్కపెట్టడం లేదు. దాచుకున్న డబ్బుని తన పేరు మీదికి మార్చుకుంది.

కానీ చిరునామా ఉండేట్టు చూడడం ఎవరి బాధ్యత? అది ఏ ఒక్క భార్యదీ కాదు. తాగుడుకి భర్తని పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో చికిత్సా సంస్థ మొదలుపెట్టి, ఒక ఇంటి దుఃఖాన్ని ఊరుమ్మడి వ్యవస్థగా మార్చింది. అందరూ ఆమెలా చెయ్యలేరు, చెయ్యాలని అడగడం మళ్ళీ ఆడవాళ్ళ మీద మూట పెట్టడమే. ఈ ప్రాంతానికి వేరే ఉదాహరణ కూడా ఉంది. క్షయ పేరు చెప్పడానికి భయపడే రోజుల్లో 1915లో మదనపల్లె దగ్గర క్షయరోగుల కోసం శానిటోరియం కట్టి ఆ చోటుకి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు. దాచుకునే రోగానికి బహిరంగమైన చిరునామా ఇచ్చారు. తాగుడు విషయంలోనూ అంత పని జరగాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మద్యానికి సంబంధించిన రుగ్మతల్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 నంబర్లున్నాయి. ఇవి దుకాణం బోర్డు ఉన్నంత పెద్దగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం బస్టాండు గోడల మీద ఎందుకుండకూడదు?

మన వంతూ ఉంది. మనలో చాలామంది కాలేజీల్లో పనిచేస్తున్నాం. సాయంత్రం ఐదు తర్వాత మన తరగతి గదులు ఖాళీ. చదువు చెప్పే చోటికి ఆడమనిషి ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. స్త్రీలు మాత్రమే కూర్చునే ఒక గంట - తాగేవాళ్ళు, తాగేవాళ్ళతో బతికేవాళ్ళు విడివిడిగా - అక్కడ సాధ్యం. మనం వక్తలుగా వెళ్ళక్కర్లేదు, వ్యాసాలు రాసుకోవడానికి అసలే వద్దు. తాళం తీసి, కుర్చీలు గుండ్రంగా వేసి, బయటికి వచ్చేస్తే చాలు.